మునిమాపువేళ చెరువుగట్టున

సూర్యుడు పడమటి తాటితోపు వెనుకకు దిగిపోయిన పిమ్మట, నీటిమీది ఎర్రని వెలుగు ఇంకను ఆరకమునుపే, పగలెల్ల చెరువుమీద పురుగులను వేటాడిన వానకోవెలలు ఒక్కొక్కటిగా మరలిపోవుచుండగా, వాని వెనువెంటనే, వానివలెనే కనిపించుచు వానివలె ఎగురని మరియొక ప్రాణి ఆ నీటిమీదికి దిగివచ్చును. వానకోవెల రెక్కలు చాచి గాలిలో జారిపోవును. ఇది జారదు, క్షణమైనను రెక్క నిలుపదు, ఎటు పోవుచున్నదో మన చూపు నిర్ణయించుకొనులోపల అది వేరొక దిక్కునకు తిరిగియుండును. గట్టుమీద షికారుకు వచ్చినవారిలో పలువురు దానిని పక్షి యనియే తలంచి, తల దించుకొని తమ దారిని పోవుదురు. అది గబ్బిలము. ప్రతిదినమును, ప్రతి ఊర, మన తలలమీదుగా జరిగిపోవు ఈ వినోదమును చూడక విడుచుచున్నామే యన్న విచారమే ఈ వ్యాసమునకు కారణము.

ఈ ప్రాణిని చూడగోరువారు అరణ్యములకు పోనక్కరలేదు, ద్రవ్యము వ్యయము చేయనక్కరలేదు, దుర్భిణి లేకపోయినను కొరతలేదు. నిలకడగల నీరు, వయసు మీరిన వృక్షము, ప్రాచీనమైన రాతికట్టడము, ఈ మూడింటిలో ఏ యొక్కటి యున్నను అచట గబ్బిలముండును. మూడును ఒక్కచోట కూడిన ఊరు దానికి రాజధాని. తెలుగునాట కాకతీయుల కాలమునుండియు గుడి, ఊరు, చెరువు అను మూడింటిని ఒక్క కుదురున నిర్మించుట ఆచారమై వచ్చినది. 1213లో వెలసిన పాలంపేట రామప్పగుడియు, దాని చేరువనే యున్న చెరువును ఈ సంప్రదాయమునకు ఎల్లరెరిగిన సాక్ష్యములు. పంటకు నీరు, దేవునికి గుడి, బాటసారికి చెట్టునీడ కావలెనని తలంచి మన పూర్వులు కట్టినవియు నాటినవియు, వారెరుగకయే, గబ్బిలములకు పానశాలలును, గృహములును, ఫలవనములును అయినవి. కావున గబ్బిలములను ఎచట చూడవచ్చునని ఎవరేని నన్నడిగినచో, ఊరిలో అన్నిటికంటె పాతవైన స్థలములను వెదకుడని చెప్పుదును.

మన ప్రాచీనులు ఈ జంతువును ఎంత సూక్ష్మముగా పరికించిరో దాని పేళ్లే చెప్పును. అమరసింహుడు తన కోశములో దీనికి జతుక యనియు, అజినపత్ర యనియు పేళ్లొసంగెను. అజినపత్ర యనగా తోలే రెక్కగా గలది. పాశ్చాత్యశాస్త్రజ్ఞులు గ్రీకుభాషనుండి గ్రహించి ఈ గణమునకు పెట్టిన కైరోప్టెరా యను పేరునకు చేయియే రెక్కయైనది యని అర్థము. రెండు పేళ్లును కలిపి చదివినచో సంగతి పూర్తియగును. గబ్బిలపు రెక్క, మన చేతి ఎముకలవంటి ఎముకలే అతిదీర్ఘములై, గొడుగు కమ్ములవలె విచ్చుకొని, వానిమీద పలుచని తోలు పరచుకొనగా ఏర్పడినది. బొటనవ్రేలు మాత్రము చిన్న కొక్కెమై రెక్క పైయంచున మిగిలియుండును. పాలిచ్చి పిల్లలను పెంచు జంతువులలో నిజముగా రెక్కలల్లార్చి ఎగురగలది ఇదియొక్కటే. ప్రపంచమున గుర్తింపబడిన క్షీరదజాతులలో ఇంచుమించు ఐదవ వంతు, అనగా 1,400కు పైగా జాతులు, గబ్బిలములే. వీనిలో నూటికి పైబడినవి భారతదేశమున నివసించుచున్నవి.

మొదట నీటికడకు పోవుదము. చెరువుమీదను, గుడి కోనేటిమీదను, కాలువ వంతెనలకడను సంధ్యవేళ అందరికంటె ముందుగా కనిపించునవి బొటనవ్రేలంత దేహముగల చిన్న గబ్బిలములు. వీనిలో ఒకదానికి శాస్త్రనామమున కోరమాండ్రా యను పదము చేరియున్నది. అది మన తూర్పుతీరమైన కోరమండలమునుండి పుట్టిన పేరు. ఇంకొకటి దానికంటెను చిన్నది, రెండుమూడు గ్రాముల తూనిక మాత్రమే గలది. పెంకుటిండ్ల సందులలో, కిటికీ తలుపుల వెనుక, గోడ నెర్రెలలో పగలు దాగియుండి, సూర్యాస్తమయమైన పావుగంటకే ఇవి వెలికివచ్చును. దప్పికతో వచ్చును గనుక ముందుగా నీటికే దిగును. అప్పుడు గట్టున నిశ్చలముగా కూర్చుండి చూచినచో, గబ్బిలము నీటిమట్టమునకు సమాంతరముగా, రెక్కలు తడియనంత ఎత్తున వచ్చి, నోరు తెరచి నీటిని ఒక్కసారి తాకి లేచిపోవుట కానవచ్చును. అది తాకినచోట సన్నని గీతవంటి అల పుట్టి, వెంటనే వలయముగా విరియును. జంతువు కంటికి ఆనకపోయినను ఆ గీత ఆనును. నేను మొదట నీటిమీది గీతలను చూచియే గబ్బిలములను లెక్కించుట నేర్చుకొంటిని.

ఇట్లు నీరు త్రాగుటకు గబ్బిలమునకు అడ్డులేని, నునుపైన నీటిపరపు కావలెను. నీటిని అది ఎట్లు గుర్తించునను ప్రశ్నకు 2010లో స్టెఫాన్ గ్రైఫ్, బ్యోర్న్ సీమర్స్ అను ఇరువురు పరిశోధకులు చక్కని ప్రయోగముతో సమాధానమొసంగిరి. చీకటిగదిలో నేలమీద నునుపైన రేకులను, చెక్కపలకలను, ప్లాస్టికు పలకలను పరచి గబ్బిలములను విడువగా, అవి ఆ పలకలమీద వ్రాలి మరల మరల త్రాగ ప్రయత్నించినవి. గరుకైన పలకలను మాత్రము విడిచిపెట్టినవి. ఎన్నడును చెరువు ముఖమెరుగని పిల్లలు సయితము అట్లే చేసినవట. గబ్బిలము పంపిన ధ్వని నునుపైన తలమునకు తగిలి, అద్దమునకు తగిలిన వెలుగువలె ముందుకు జారిపోవును. మరలి దానివైపు రాదు. ఎచటనుండి ధ్వని తిరిగిరాదో అచట నీరున్నదని దాని పుట్టుకతోడి జ్ఞానము చెప్పును. ఈ సంగతి తెలిసిన పిమ్మట గుర్రపుడెక్క అల్లుకొనిపోయిన మన ఊరి చెరువులను చూచినప్పుడెల్ల నాకు మనసు కలతపడును. ఆకులతో నిండిన ఆ నీరు గబ్బిలమునకు నీరుగా వినిపించదు. చెరువు నిండియుండియు దానికి ఎండినట్లే.

ఈ ధ్వనివిద్యను కనిపెట్టుటకు మానవునికి నూటనలుబది సంవత్సరములకు పైగా పట్టినది. ఇటలీదేశీయుడైన స్పల్లాంజానీ 1793 ప్రాంతమున, చిమ్మచీకటిలో గుడ్లగూబ దారి తప్పుచుండగా గబ్బిలము తప్పకుండుట చూచి ఆశ్చర్యపడి, కన్నులు పోయిన గబ్బిలములును నిరాటంకముగా ఎగురుచున్నవని కనుగొనెను. జెనీవా నగరవైద్యుడు జ్యురీన్ వాని చెవులు మూసి చూడగా అవి గోడలకు కొట్టుకొన్నవి. చెవితో చూచుట యేమని నాటి పండితులు వారి మాటను త్రోసివేసి, రెక్కల స్పర్శజ్ఞానమే దీనికి కారణమని సమాధానపడిరి. 1938లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున డొనాల్డ్ గ్రిఫిన్ అను విద్యార్థి, మానవకర్ణమునకు అందని ధ్వనులను పసిగట్టు పియర్స్ పండితుని యంత్రముముందు గబ్బిలములను ఉంచగా, మౌనముగా కనిపించు ఆ జంతువులు నిజమునకు ఎడతెగక కేకలు వేయుచున్నవని బయటపడినది. ప్రతిధ్వనులచేత వస్తుస్థానమును నిర్ణయించుకొను ఈ శక్తికి గ్రిఫినే 1944లో ఎకోలొకేషన్ అను పేరుపెట్టెను. మన చెవి వినగల స్వరములకు సెకనుకు ఇరువదివేల స్పందనములు ఎల్ల. మన చెరువుమీది చిన్న గబ్బిలము అంతకు రెట్టింపునకు పైబడిన స్వరమున అరచును. వెదకుచు తిరుగునప్పుడు సెకనుకు పదిమార్లో అంతకు కొంచెమెక్కువగనో అరచునది, పురుగు జాడ తెలియగానే అరపులను త్వరపరచి, పట్టుకొను క్షణమున సెకనుకు నూటికి మించి అరచును.

మనకు ఆ అరపు వినబడదు గాని, దాని ఫలము కనబడును. సూటిగా పోవుచున్న గబ్బిలము హఠాత్తుగా ఒక ప్రక్కకు ఒరిగి, తోకను కడుపుక్రిందికి ముడిచి, పల్టీకొట్టినట్లై మరల తేరుకొనుట చూచితిరేని, ఒక దోమయో రెక్కలపురుగో ఆ క్షణమున అంతరించినదని తెలియుడు. చిన్ననాడు మేము చెరువుగట్టుమీద చేరి, చింతగింజంత గులకరాళ్లను పైకి విసరెడివారము. గబ్బిలము దానివెంట గిరుక్కున తిరిగి, చేరువదాక దిగి, మోసము తెలిసి విడిచిపోయెడిది. దానిని మేము గ్రుడ్డిదని చెప్పుకొని నవ్వెడివారము. విసరిన రాతిని చీకటిలో కనిపెట్టి, వెంబడించి, ఇది తినదగినది కాదని నోట వేసికొనకమునుపే గ్రహించినది ఆ ప్రాణి. గ్రుడ్డిదను మాట దానికెంతమాత్రమును చెల్లదు. దానికి కన్నులును కలవు, అవి చూడనుగలవు. రాళ్లు విసరుట మాత్రము మీ పిల్లలకు నేర్పకుడు. ఆకలిగొన్నదానిని వృథాగా త్రిప్పుట తగదు.

నీటినుండి చెట్లకు వత్తము. పార్కులలోను, పాఠశాలల ఆవరణములలోను స్తంభములవలె నిలువుగా పెరిగి, ఆకులు క్రిందికి వ్రేలాడు నరమామిడి చెట్టును, జనులు అశోకచెట్టని పిలుచుదానిని, ఎరుగనివారుండరు. ఆ దట్టమైన ఆకుల గుబురులో పొట్టిముక్కు పండ్లగబ్బిలము, మగది, కొన్ని వారములపాటు రెమ్మలను కొరికి కొరికి, గంటవంటి గుల్లను తొలిచి, అందులో ఆడవానితో కాపురముండును. ఆకు తుంచుట, రెమ్మ వంచుట, లాలాజలముతో అంటించుట, అంతయు నోటిపనియే. తాటియాకుల క్రిందను ఇట్టి గుడారములను కట్టును. ఆ చెట్టు మొదటికి పోయి, నిలువున తల యెత్తి గుబురులోనికి చూచినచో, పగటివేళ నాలుగైదు గోధుమరంగు ముఖములు, కుక్కపిల్లల ముఖములవంటివి, పెద్ద కన్నులతో మనవైపే చూచుచుండుట ఒక్కొక్కప్పుడు కనిపించును. కనిపించకున్నను వాని ఉనికికి ఆనవాలు నేలమీదనే దొరకును. తెల్లవారి బాదముచెట్టుక్రిందను నేరేడుచెట్టుక్రిందను చూడుడు: చుట్టును గీకి తిన్న బాదముకాయలు, రసము పీల్చి ఉమిసిన పిప్పియుండలు పడియుండును. చేతిలోనికి తీసికొనక చూపుతోనే పరీక్షించినచో, ఆ పిప్పిమీద అంగిటి గాళ్ల ముద్ర సయితము కానవచ్చును.

మన దేశపు గబ్బిలములలో పెద్దది, రెక్కలు చాచిన నాలుగడుగులు వచ్చునది, కిలోకు పైగా తూగునది, ఎగిరెడి నక్కయని ఇంగ్లీషువారు పిలుచు పెద్దపండ్లగబ్బిలము. మర్రి, రావి, చింత, నీలగిరి, తెల్లమద్ది, ఏదైనను సరే, ఎత్తుగానుండి నీటికి చేరువనున్న చెట్టును ఎంచుకొని, వందలకొలదిగా తలక్రిందుగా వ్రేలాడును. ఆ చెట్టును వెదకుట కష్టము కాదు. దూరమునుండియే కలకలము వినబడును, ఆకులు రాలిన కొమ్మలకు నల్లని మూటలు కట్టినట్లుండును. వేసవి మధ్యాహ్నమున అచటికి పోయినవారికి ఒక మనోహరదృశ్యము లభించును: ఎండ తాళలేక అవియన్నియు ఒక రెక్కను తెరచి, విసనకర్రవలె మెల్లమెల్లగా విసరుకొనుచు, రొమ్మును రెక్కలను నాకి తడుపుకొనుచుండును. సాయంత్రమైనంతనే ఒకటి రెండుగా, పిమ్మట పాయలు పాయలుగా, కాకులకంటె నెమ్మదిగా రెక్కలాడించుచు పండ్లతోటలవైపు సాగిపోవును. వీనికి చిన్నగబ్బిలములవలె ధ్వనివిద్య లేదు. కన్నును ముక్కును నమ్ముకొని బ్రతుకునవి. దారిలో చెరువు కనబడినచో దిగివచ్చి, రొమ్ము నీటికి రాచి లేచిపోయి, కొమ్మకు చేరిన పిమ్మట తడిసిన బొచ్చును నాకి దప్పిక తీర్చుకొనును. ఇప్ప, బూరుగు మొదలగు చెట్ల పూలకు రాత్రివేళ పుప్పొడి మోయువారు వీరే. మర్రి, రావి, మేడి గింజలను గోడలమీదను గుట్టలమీదను చల్లువారును వీరే.

ఇక రాతికట్టడములు. హైదరాబాదునకు పోయినవారు గోలకొండకోటను చూడక రారు. బాలాహిస్సారునకు ఎక్కుదారిలో, వెలుతురు చొరని కమానుల క్రిందికి తొంగిచూచినచో, ముందుగా ఘాటైన వాసన, తరువాత కిచకిచధ్వని, కన్ను చీకటికి అలవడిన పిమ్మట గోడను కరచుకొనియున్న గబ్బిలములు ఒకదానివెనుక నొకటిగా అనుభవమునకు వచ్చును. ఇట్టి కోటలలోను, శిథిలాలయములలోను, మెట్లబావులలోను నివసించు జాతులు అనేకము. ఎలుకతోకవలె సన్నని పొడవైన తోక వెనుకకు వ్రేలాడునవి కొన్ని; ఈజిప్టు సమాధులలో మొదట దొరికినందున సమాధిగబ్బిలములని పేరువడసి, గోడమీద పీతవలె ప్రక్కకు ప్రాకునవి కొన్ని; ముక్కుమీద ఆకువంటి తోలుమడత గలవి మరికొన్ని. లోనికి చొరబడి వానిని బెదరించుటకంటె, సాయంకాలము ద్వారమునకు ఎడముగా నిలిచి చూచుట మేలు. మొదట ఒకటి గుమ్మముదాక వచ్చి, వెలుగును పరీక్షించి, వెనుకకు మరలును. మరల వచ్చును, మరల మరలును. తుదకు బయటి చీకటి తగినంత ముదిరినదని తోచగానే, ప్రవాహము తెగినట్లు అన్నియు వెలువడును.

వెలుగు సోకని గుహాంతరమున నున్నది బయట ప్రొద్దు క్రుంకినదని ఎట్లెరుగును? ఈ ప్రశ్నకు మదురై కామరాజ విశ్వవిద్యాలయమున చంద్రశేఖరన్, మారిముత్తు, రాజన్ అను శాస్త్రజ్ఞులు జవాబు వెదకిరి. వారు ఆకుముక్కు గబ్బిలమును ఒంటరిగా పంజరమున నుంచి, తన జాతివి స్వేచ్ఛగా తిరుగు గుహలో వ్రేలాడదీయగా, అది వెలుగెరుగకయే ఇతరములు వేటకు లేచు వేళకే తానును మేల్కొనినది. తోడులేని గుహలో నుంచగా, దాని దినచర్య క్రమముగా గడియారమునుండి తప్పి జారిపోయినది. 1981లో ప్రకటితమైన ఈ పరిశోధన నన్ను ఎంతగానో కదిలించినది. కాలజ్ఞానమును సయితము అవి సంఘమునుండియే పొందుచున్నవి. అదే విద్యాలయమున జరిగిన మరియొక ప్రయోగములో, కప్పలను తిను రాక్షసగబ్బిలము, నిశ్చలముగా పడియున్న చచ్చిన కప్పను గమనింపక, కదలిక సవ్వడి చేసినదానిని మాత్రము తన్నుకొనిపోయినది. పాతగుడి మండపమున ఉదయమే కప్పకాళ్లు, పిచ్చుకయీకలు పడియున్నచో అవి క్షుద్రపూజల అవశేషములని భయపడకుడు. పైకప్పున దాని భోజనశాల యున్నది.

గుడియనిన తోడనే తెలుగువానికి జాషువాకవి జ్ఞప్తికి రాకతప్పదు. మేఘసందేశపు బాటలో నడచిన ఆయన 1941నాటి గబ్బిలము కావ్యమున, ఆలయప్రవేశము లేని నిరుపేద తన మొరను కాశీవిశ్వనాథునికి విన్నవించుటకు గబ్బిలమునే దూతగా ఎన్నుకొనెను. మనుష్యుని త్రోసివేసిన గర్భాలయమున ఈ ప్రాణికి అడ్డులేదన్నది కవి చూచిన సత్యము. శాస్త్రదృష్టితో చూచినను అది అక్షరాల సత్యమే. లోకము అపశకునమని ఈసడించినదానిని ఆత్మబంధువుగా చేరదీసిన మొదటి తెలుగువాడు ఆయనయే యని నా విశ్వాసము.

దేశాంతరమున ఒక నగరము ఈ ఈసడింపునుండి ప్రేమకు ఎట్లు మారినదో చెప్పక ముందుకు పోజాలను. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రరాజధానియగు ఆస్టిను నేడు వేలకొలది తెలుగు కుటుంబములకు నివాసము. అచట కొలరాడో యను పేరుగల నదిమీది కాంగ్రెసు అవెన్యూ వంతెనను 1980లో పునర్నిర్మించినప్పుడు, దాని అడుగున కాంక్రీటు దూలముల నడుమ అంగుళము వెడల్పునకు మించని లోతైన సందులు ఏర్పడినవి. మెక్సికోనుండి వలసవచ్చు స్వేచ్ఛాపుచ్ఛ గబ్బిలములకు అవి ప్రసూతిగృహములుగా కుదిరినవి. జనులు భయపడిరి, వానిని నిర్మూలింపుడని అర్జీలు పెట్టుకొనిరి. 1982లో గబ్బిలసంరక్షణసంస్థను స్థాపించిన మెర్లిన్ టటిల్ 1986లో తన సంస్థను ఆ నగరమునకే తరలించి, ఇవి కరువవు, రాత్రికి టన్నులకొలది పురుగులను తినునని ఓపికతో నచ్చజెప్పెను. నేడు వేసవిలో పదునైదు లక్షలవరకు గబ్బిలములు ఆ వంతెనక్రింద నివసించుచున్నవని అంచనా. మార్చిలో వచ్చును, జూనులో ఒక్కొక్క తల్లి ఒక్కొక్క పిల్లను కనును, ఆగస్టులో పిల్లలును ఎగురనేర్చినందున ఆకాశమున పొగమేఘమువలె లేచును. వంతెనమీదను, ఒడ్డున పచ్చికమీదను, పడవలలోను జనము చేరి ఆ దృశ్యమునకై కాచుకొందురు. ఆ నగరమునకు కొంతదూరమున నున్న బ్రాకెన్ గుహనుండి లేచు కోటికి పైబడిన గబ్బిలములు వాతావరణశాఖ రేడారు తెరమీద వానమబ్బువలె కనిపించును. తమ పిల్లలతో అచట నున్న తెలుగువారు ఒక్క ఆగస్టు సాయంకాలమైనను ఆ వంతెనకడ గడపవలెనని నా కోరిక.

మన చేరువనే, తెలుగు విరివిగా వినిపించు కోలారు జిల్లాలో, దీనికి విరుద్ధమైన కథ నడచుచున్నది. హనుమనహళ్లి గ్రామమున ఒక నల్లరాతిగుట్ట కలదు. దాని సొరంగములో నివసించు ఆకుముక్కు గబ్బిలము వేరొక జాతియని 1994లో శాస్త్రలోకము గుర్తించి, కోలారు గబ్బిలమని పిలిచినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన భార్గవీ శ్రీనివాసులు, చెలమల శ్రీనివాసులు మొదలగువారు తరువాతికాలమున చుట్టుప్రక్కల గుట్టలెల్ల గాలించి చూడగా, ఆ ఒక్క గుహలో తప్ప అది మరెచటను కానరాలేదు. ఉన్నవియు రెండువందలకు లోపే. రాతిక్వారీలు ఆ గుట్టల చుట్టును పనిచేసినవి. ఒక జాతి యావత్తును ఒక్క గుహలో ఇమిడియున్నప్పుడు, ఒక్క తూటాపేలుడు చేయగల హానిని వివరింపనక్కరలేదు.

చట్టము సయితము చాలకాలము వీనియెడ కఠినముగానే యుండెను. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టమున పండ్లగబ్బిలములు కాకులతోను ఎలుకలతోను కలిసి ఉపద్రవజంతువుల పట్టికలో చేరెను; 2022 సవరణతో ఆ పట్టిక తొలగినది. ఉపద్రవమన్న మాట ఎంత అన్యాయమో వరిరైతు గ్రహింపగలడు. థాయిలాండులో పొలములమీద వేటాడు గబ్బిలముల పెంటను పరీక్షింపగా, వరిని పీల్చు తెల్లవీపుదోమ వాని ప్రధానాహారములలో ఒకటియని తేలినది. మన పైరును పాడుచేయు దోమలలో అదియు ఒకటి. తమిళదేశమున కొన్ని గ్రామములవారు తమ మర్రిమీది గబ్బిలములు బెదరునని దీపావళికి టపాకాయలు కాల్చుటయే మానిరి. ఆ గ్రామస్థులకు నేను నమస్కరించుచున్నాను.

గబ్బిలములవలన రోగభయము లేదని నేననను. 2018లో కేరళమున కోళిక్కోడు ప్రాంతమున నీపా జ్వరము ప్రాణములు తీసినప్పుడు ఆ క్రిమి పండ్లగబ్బిలములలో నివసించునదియే యని రుజువైనది. కావున గబ్బిలము కొరికిన పండును తినరాదు, మూతలేని కుండలోని కల్లును త్రాగరాదు, నేలబడిన గబ్బిలమును వట్టిచేతితో ముట్టరాదు, కరచినచో వెంటనే గాయమును సబ్బునీట కడిగి వైద్యునికడకు పోవలెను. ఇంతకుమించిన జాగ్రత్త దూరమునుండి చూచువానికి అక్కరలేదు. చెట్లు నరకి, గుహలు పేల్చి వానిని తరుముటచే భయము తొలగదు; చెదరిన గుంపులు మన ఇండ్లకే మరింత చేరువగును.

చూడబోవువారికి రెండుమాటలు. వానలు వెలిసిన మరునాటి సాయంకాలము పురుగులు విరివిగా లేచును గనుక అన్నిటికంటె అనుకూలము. ఈదురుగాలి వీచునాడు పోవుట వ్యర్థము. గట్టుమీద తెల్లని ఎల్.ఇ.డి. దీపములు లేని చోటును ఎన్నుకొనుడు. చిన్నగబ్బిలములు కొన్ని దీపముకడ పురుగులకై చేరునుగాని, గుహలలో నివసించునవి వెలుగును చూచి తొలగిపోవును. టార్చిలైటు వేయకుడు. సూర్యాస్తమయమునకు పదినిమిషములముందే చేరి, పడమటి ఆకాశమునకు అభిముఖముగా, ఆ వెలుగు నీటిలో ప్రతిఫలించుచోట కూర్చుండుడు. నల్లని రెక్క ఎర్రని నీటిమీదనే స్పష్టముగా కనిపించును. మీవెంట ఒక పిల్లవానినో పిల్లనో తీసికొనిపొండు, వారి చెవులు మనకంటె చురుకైనవి. పెద్దవారికి వినబడని సన్నని కిచకిచలలో కొన్ని వారికి వినబడును.